‘పుల్లింగ్ మై లెగ్’ అంటే తెలియనిది ఎవరికి?

దిల్‌సుఖ్‌నగర్‌లో స్పోకెన్ ఇంగ్లీష్ చెప్పే ఉద్యోగం ఎలా ఉంటుందని ఈమధ్య ఒక అమ్మాయి ఫోన్ చేసి అడిగింది. ఎం.ఏ. ఇంగ్లీష్ చదివిందట. నేను రిటైరైన సంస్థలోనే, నేను పాఠం చెప్పిన గదిలోనే చేరబోతోంది. గొంతులో ఉత్సాహం పొంగిపోతోంది. దాని మీద నీళ్ళు చల్లడం ఇష్టంలేక, ‘బాగుంటుందమ్మా, పిల్లలు మంచివాళ్ళు’ అని చెప్పి ఫోన్ పెట్టేశాను. పెట్టేశాక చిరాకు వేసింది. పిల్లలు మంచివాళ్ళన్నది నిజమే. మిగతాది చెప్పకుండా దాటేశాను. ఆ మిగతాదే ఇప్పుడు రాస్తున్నాను. ఆ అమ్మాయి చదివితే చదువుతుంది, లేకపోతే నా కడుపులో మంటైనా కాస్త తగ్గుతుంది.

మా సంస్థ బస్ డిపో వెనక సందులో, రెండో అంతస్తులో ఉండేది. కింద మిఠాయి దుకాణం, దాని పైన బ్యాంకు పరీక్షల కోచింగ్, ఆ పైన మేము, మా నెత్తిన ఆడపిల్లల హాస్టల్. మెట్లెక్కుతుంటే జిలేబీ వాసన మొదలై, లెక్కల సారు అరుపులు దాటి, పై నుంచి ఎవరో ఆరేసిన బట్టల నీళ్ళు నెత్తిన పడేసరికి మా గుమ్మం వచ్చేది. సరూర్‌నగర్ నుంచి ఇల్లాళ్ళు, నల్లగొండ వైపు ఊళ్ళ నుంచి వచ్చి హాస్టళ్ళలో ఉన్న పిల్లలు, కార్ల షోరూముల్లో పనిచేసే కుర్రాళ్ళు, అందరూ ఆ మెట్లే ఎక్కి వచ్చేవారు. నేనేమో తెనాలి దగ్గర పుట్టి, పెళ్ళయ్యాక ఇక్కడికి వచ్చినదాన్ని. మొదటి నెలలో పిల్లలు నా తెలుగు విని నవ్వేవారు, నేను వాళ్ళ తెలుగు విని తికమకపడేదాన్ని. తర్వాత ఇద్దరికీ అలవాటైపోయింది.

రోజుకు ఐదు ముత్యాలు

మా డైరెక్టర్‌కు వ్యాకరణం అంటే గిట్టదు. గిట్టదంటే ఆయనకు రాదని కాదు, డెమో క్లాసులో అది మెరవదు. ఇడియమ్స్ మెరుస్తాయి. ‘రెయినింగ్ క్యాట్స్ అండ్ డాగ్స్’ అనగానే వచ్చినవాళ్ళ కళ్ళు పెద్దవవుతాయి, చేరిపోతారు. అందుకని జేబులో పట్టే చిన్న పుస్తకం ఒకటి అచ్చు వేయించాడు. ఎడమవైపు ఇంగ్లీష్ ఇడియమ్, కుడివైపు ఒకే ఒక్క తెలుగు ముక్క. రోజుకు ఐదు బట్టీ పట్టించాలి. వాటికి ఆయన పెట్టిన పేరు ముత్యాలు.

ఆ ముత్యాల్లో ఒకటి ‘కిక్ ద బకెట్’. కుడివైపు ‘చనిపోవు’ అని ఉంది. అర్థం తప్పు కాదు. నా క్లాసులో ఆ మాట వచ్చినప్పుడు పెన్నుతో కొట్టేయించేదాన్ని. పక్క బ్యాచ్‌లో కొట్టేయించేవారు లేరు. ఆ బ్యాచ్ కుర్రాడొకడు ఇంటర్వ్యూకు వెళ్ళాడు. మీ నాన్న ఏం చేస్తారని అడిగారు. వాడి తండ్రి పోయి ఏడాది కూడా కాలేదు. వాడు ఎంతో శ్రద్ధగా, కళ్ళు దించుకుని, మా నాన్న బకెట్ తన్నాడు అని ఇంగ్లీషులో చెప్పాడు. ఎదురుగా కూర్చున్న ఇద్దరూ పగలబడి నవ్వారు. వాడు మర్నాడు వచ్చి మా గది గుమ్మంలో నిలబడి, వాళ్ళు ఎందుకు నవ్వారని నన్ను అడిగాడు.

నేను ఆ పుస్తకం పట్టుకుని డైరెక్టర్ గదికి వెళ్ళాను. మనం కూడా సరదాకి, గౌరవం లేనివాడి గురించి, ‘బాల్చీ తన్నేశాడు’ అంటాం కదా, మీ నాన్నగారి గురించి అలా అంటారా అని అడిగాను. ఆయన మొహం మాడ్చుకున్నాడు. వచ్చే అచ్చులో మారుస్తానన్నాడు. వచ్చే అచ్చులో అట్ట రంగు మారింది.

మాటకు అర్థం ఒకటి, వాడుక ఒకటి. అర్థం పుస్తకంలో దొరుకుతుంది. ఎవరు, ఎవరితో, ఎవరి గురించి, ఏ గొంతుతో అంటారన్నది వాడుక. అది చెప్పకుండా అర్థం మాత్రం చేతికిచ్చి పంపడం, పిల్లాడికి మూతలేని వేడి గిన్నె ఇచ్చి రోడ్డు దాటమనడం లాంటిది. దీన్ని ఇప్పటికీ పాఠం అని పిలుస్తున్నారు, దానికి ప్రకటనలు వేస్తున్నారు.

కాళ్ళ పీరియడ్

ప్రతి బ్యాచ్‌కీ రెండో నెలలో కాళ్ళ పీరియడ్ అని ఒకటి పెట్టేదాన్ని. కాళ్ళతో మనకున్న తెలుగు మాటలన్నీ చెప్పమనేదాన్ని. అంతవరకూ నోరు విప్పని పిల్లలు కూడా ఎగబడేవారు. కాలు దువ్వడం, కాలు జారడం, కాలూ చెయ్యీ ఆడకపోవడం, ఇంట్లో కాలు నిలవకపోవడం, కాళ్ళకు బుద్ధి చెప్పడం. చివరిదాన్ని ఉన్నదున్నట్టు ఇంగ్లీషులో చెప్పించేదాన్ని. ‘దొంగ తన కాళ్ళకు నీతులు బోధించాడు’ అని తయారయ్యేది. క్లాసు క్లాసంతా నవ్వేది. మన మాటను ముక్కలు చేసి ఇంగ్లీషులో పేరిస్తే ఏమవుతుందో అప్పుడు తెలిసేది. వాళ్ళ మాటను ముక్కలు చేసి తెలుగులో పేర్చినా అంతే అవుతుందని చెప్పేదాన్ని.

అక్కడి నుంచి ‘పుల్ సమ్‌వన్స్ లెగ్’కు వచ్చేదాన్ని. ఇంగ్లీషువాళ్ళకు అది ఆటపట్టించడం. మొహం గంభీరంగా పెట్టి ఏదో లేనిది ఉన్నట్టు చెబుతాం, అవతలివాడు నమ్ముతాడు, తర్వాత ఇద్దరం నవ్వుకుంటాం. అందులో పగ లేదు. తెలుగులో కాలు పట్టి లాగడం అంటే అది కాదు. పైకి వెళ్తున్నవాణ్ణి కింద నుంచి పట్టి పడేయడం. తెలంగాణలో కాళ్ళు గుంజుడు అంటారు. కాళ్ళు పట్టుకోవడం మళ్ళీ వేరు, అది బతిమాలుకోవడం. ఇక ఈ ఊరి ఉర్దూలో ‘టాంగ్ ఖీంచ్‌నా’ అంటే ఏడిపించడమూ అవుతుంది, అడ్డుపడటమూ అవుతుంది. ఇవన్నీ కలిసి మన ఆఫీసుల ఇంగ్లీషులోకి ‘లెగ్ పుల్లింగ్’ అని ఒక మాట వచ్చింది. పార్టీలో లెగ్ పుల్లింగ్, ఆఫీసులో లెగ్ పుల్లింగ్ అంటే హైదరాబాదులో జోకులని ఎవరూ అనుకోరు.

ఇది తప్పు ఇంగ్లీష్ అని వెక్కిరించే పంతుళ్ళంటే నాకు ఒళ్ళు మంట. ఊరంతా ఒక అర్థంతో వాడుతుంటే ఆ అర్థం అక్కడ ఉన్నట్టే. నేను చెప్పేది ఒక్కటే, ఈ మాటకు రెండు ముఖాలున్నాయి, వాడేముందు ఎదుటివాడికి ఏది తెలుసో చూసుకోండి అని. పాఠం అంతటితో అయిపోయిందనుకునేదాన్ని. ఎదుటివాడికి రెండూ తెలిసుంటే ఏం చేయాలన్నది మా పిల్లలెవరూ అడగలేదు, నాకూ తట్టలేదు.

మమత

మమతది పెద్ద అంబర్‌పేట్ అవతల ఊరు. డిగ్రీ అయ్యాక ఎల్బీనగర్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రి రిసెప్షన్‌లో చేరింది. ఇంకా ప్రొబేషన్‌లో ఉంది. ఆ గడువు దాటి పర్మనెంట్ చేస్తేనే ఉద్యోగం నిలుస్తుంది. ఇంట్లో నెల జీతం వచ్చే మొదటి ఉద్యోగం ఆమెదే. డ్యూటీ దిగి మెట్రోలో మా దగ్గరికి వచ్చేది, వాళ్ళ బ్యాచ్ ఇంకా కాళ్ళ పీరియడ్ దాకా రాలేదు. యూనిఫామ్ మీదే కూర్చునేది, మెడలో ఐడీ కార్డు తీయడం కూడా మర్చిపోయేది. ఆ ఆసుపత్రిలో రూల్ ఒకటుంది. కౌంటర్ దగ్గర, పొద్దుటి మీటింగ్‌లో, సిబ్బంది ఇంగ్లీషే మాట్లాడాలి. వచ్చే రోగులేమో చౌటుప్పల్ వాళ్ళు, ఇబ్రహీంపట్నం వాళ్ళు. వాళ్ళలో ఎవరికి కావాలి ఆ ఇంగ్లీష్? గోడలకు కావాలి కాబోలు.

రిసెప్షన్ ఇన్‌ఛార్జి ప్రశాంత్ అని ఒకతను. మమత కూర్చున్న సీట్లో తన మరదలిని కూర్చోబెట్టాలని అతని ఆలోచన. ఆ సంగతి ఆసుపత్రిలో అందరికీ తెలుసు. డాక్టర్ల టైమింగ్స్ మారితే వాట్సాప్ గ్రూప్‌లో పెడతారు. ప్రశాంత్ ఆ గ్రూప్ నుంచి మమతను తీసేశాడు. అడిగితే పొరపాటున పోయింది, మళ్ళీ కలుపుతానన్నాడు, కలపలేదు. ఆమె పాత టైమే రోగులకు చెప్పేది. వాళ్ళు వచ్చి, డాక్టరు లేక, ఆమె మీద పడి అరిచేవారు. ఆ తర్వాత ప్రశాంత్ మేనేజర్ దగ్గరికి వెళ్ళి ఈ అమ్మాయికి పని రాదని చెప్పేవాడు.

మమత ఊరుకునే పిల్ల కాదు. పొద్దుటి మీటింగ్‌లో లేచి నిలబడింది. ఇంగ్లీషే మాట్లాడాలి కనుక ఇంగ్లీషులోనే చెప్పింది. సర్, ప్రశాంత్ సర్ ఈజ్ డెయిలీ పుల్లింగ్ మై లెగ్. అంతే. మేనేజర్ నవ్వాడు. ఆయన నవ్వాడు కనుక మిగతావాళ్ళూ నవ్వారు. ‘బి స్పోర్టివ్, మమతా’ అన్నాడు మేనేజర్. ప్రశాంత్ అందరికంటే గట్టిగా నవ్వాడట. ఆ రోజు నుంచి కారిడార్‌లో ఎదురైనవాళ్ళంతా కాలు జాగ్రత్త అని ఆమెతో పరాచికాలు మొదలుపెట్టారు.

తర్వాత అసలైనది జరిగింది. చౌటుప్పల్ నుంచి ఒక పెద్దావిడను స్కానింగ్‌కు తీసుకొచ్చారు. పరగడుపున రావాలి. మమత చెప్పిన టైముకే వచ్చారు. టైము మధ్యాహ్నానికి మారిందని గ్రూప్‌లో ఉంది, మమతకు తెలియదు. ఆవిడ షుగర్ మనిషి, కూర్చున్నచోటే కళ్ళు తిరిగి పడిపోయింది. దేవుడి దయ వల్ల తేరుకుంది గానీ, కొడుకు కౌంటర్ మీద చేయి వేసి మమతను నానా మాటలూ అన్నాడు. మేనేజర్ ఆమెను గదిలోకి పిలిచి, పర్మనెంట్ చేయడం కుదరదన్నాడు. నేను ముందే చెప్పాను కదా సార్ అంది మమత. ఆయన జవాబు, అతను నీతో జోకులేస్తాడని నువ్వే అందరి ముందూ చెప్పావు కదా అని.

ఆ సాయంత్రం ఆమె క్లాసుకు వచ్చి వెనక బెంచీలో కూర్చుంది. ఏడవలేదు. అందరూ వెళ్ళిపోయాక నా దగ్గరికి వచ్చింది.

“నా ఇంగ్లీషే నన్ను ముంచింది మేడమ్. ప్రశాంత్ సార్ మంచోడని నా నోటితోటి నేనే సాక్ష్యం చెప్పినట్టైంది.”

ఆ మాట నీకు ఎవరు నేర్పారని అడిగాను. మా చిన్న పుస్తకమే అయి ఉంటుందని, ఆ డైరెక్టర్‌ను ఈసారి వదలకూడదని నా లెక్క.

“ఎవరు నేర్పుతరు మేడమ్. ఆడ అందరు గట్లనే అంటరు. మస్తు లెగ్ పుల్లింగ్ ఉంది ఈడ, జర చూసుకో అని నేను చేరిన్నాడే చెప్పిన్రు.”

అప్పుడు నాకు ఆ మాట మీద కాస్త ఆగాలని కూడా తోచలేదు. కోపం అంతా భాష మీదకే పోయింది. ఒక్క మాటకు రెండు అర్థాలుండటం వల్ల ఒక పిల్ల ఉద్యోగం పోతోందని మండిపోయాను. నేను వచ్చి మీ మేనేజర్‌తో మాట్లాడతాను, ఇంగ్లీష్ చెప్పే టీచరు వచ్చి వివరిస్తే వింటాడు అన్నాను.

మేనేజర్ గది

ఎల్బీనగర్ చౌరస్తాలో మెట్రో దిగి, ఫ్లైఓవర్ కింద ఆటోల మధ్య నుంచి దారి చేసుకుంటూ వెళ్ళాం. మేనేజర్ నన్ను చూసి లేచి నమస్కారం పెట్టాడు. నా మాట యాస పట్టేసి, మీది మా వైపేనటండీ అన్నాడు. కుర్చీ చూపించాడు, కాఫీ తెప్పించాడు, రెండే కప్పులు. మమతకు కుర్చీ చూపించలేదు. నేను పక్క కుర్చీ లాగి కూర్చోమ్మా అన్నాను. ఆమె కూర్చోలేదు.

మేనేజర్ చాలా మర్యాదగా మాట్లాడాడు. మా ఆసుపత్రికి పేరుంది, అమ్మాయి కష్టపడుతుంది, కాదనను, కానీ కమ్యూనికేషన్ దెబ్బతీసింది అన్నాడు. ఆ మర్యాద వింటుంటే ఏం పుట్టిందో చెప్పలేను. పెద్దావిడ పడిపోయింది ఆసుపత్రి కారిడార్‌లో, దెబ్బతిన్నది కమ్యూనికేషన్ అట.

“మీరు ఇంగ్లీష్ మేడమ్ కదండీ, మీరే చెప్పండి” అన్నాడు. “పుల్లింగ్ మై లెగ్ అంటే జోక్ చేయడమే కదా. దాన్ని నేను కంప్లైంట్ అని ఎలా అనుకుంటానండీ?”

ఇంగ్లీషులో అంతే అని ఒప్పుకున్నాను. ఒప్పుకోక ఏం చేస్తాను, అది నిజం. మన తెలుగులో ఆ మాటకు వేరే అర్థం ఉందని, ఆ పిల్ల చెప్పాలనుకున్నది అదేనని, ఈసారి రూల్ పక్కన పెట్టి తెలుగులో చెప్పనివ్వండని అడిగాను. సరే కానివ్వమన్నట్టు ఆయన చేయి ఊపాడు. మమత గొంతు సవరించుకుంది.

“సార్, డాక్టర్ల టైమింగ్ మారితే గ్రూప్‌ల పెడ్తరు. ప్రశాంత్ సార్ నన్ను గా గ్రూప్‌లకెళ్ళి తీసేసిండు. మళ్ళ కలపలే. పేషెంట్లు నన్ను తిడుతుంటే పక్కన నిలబడి చూస్తడు. అటెన్క మీ దగ్గరకొచ్చి నాకు పని రాదంటడు. ఆ ముసలామె పడిపోయింది గందుకే. మీటింగ్‌ల నేను చెప్పిన మాట గిదే.”

ఇంతకంటే సూటిగా ఎవరు చెప్పగలరు? ఫోన్ తీసి గ్రూప్‌లో ఎవరున్నారో చూస్తే తేలిపోయే సంగతి. ఆయన ఫోన్ తీయలేదు. కుర్చీలో వెనక్కి వాలాడు. గొంతు మెత్తబడింది, పెద్దమనిషి తరహాలోకి వచ్చేసింది.

“చూడమ్మా, నువ్వు చిన్నదానివి. ఏ సంస్థలోనైనా ఇవి ఉండేవే. నేనూ కౌంటర్ నుంచే మొదలుపెట్టాను. ఈ కుర్చీ దాకా రావడానికి ఎంత లెగ్ పుల్లింగ్ తట్టుకున్నానో నాకు తెలుసు. నాతో ఒకే కంచంలో తిన్నవాళ్ళే పైవాళ్ళకు నా మీద చెప్పారు.”

కాఫీ కప్పు నోటి దాకా తీసుకెళ్ళి ఆగిపోయాను. ఆ మాట ఆయన నోటి నుంచి ఎంత సులువుగా వచ్చిందంటే, అన్నట్టు ఆయనకే తెలియలేదు. నేను మాట వెతుక్కుంటున్నాను. మమత వెతుక్కోలేదు.

“సార్, మీతోని గట్ల జోకులేసినోళ్ళను మీరేం జేసిన్రు?”

గొంతులో వెటకారం లేదు. నిజంగా తెలుసుకోవాలని అడిగినట్టే అడిగింది. మేనేజర్ ఆమె వైపు చూశాడు, నా వైపు చూశాడు. నేను కూడా జవాబు కోసమే చూస్తున్నానండీ అన్నాను. మెడ దగ్గర ఎర్రబడింది ఆయనకు. బల్ల మీద కాగితాలు సర్దాడు, సర్దినవే మళ్ళీ సర్దాడు. సరే, నేను చూస్తాను, మీరు వెళ్ళండి అన్నాడు. నేను కాఫీ వదిలేసి లేచాను.

బయట మెట్ల దగ్గర ఆగిపోయాను. వయసు వల్ల కాదు, కోపం వల్ల. అంత దూరం నేను భాష వివరించడానికి వచ్చాను. ఆయనకు రెండు అర్థాలూ తెలుసు. తన కాలు లాగినప్పుడు ఒకటి, మమత కాలు లాగినప్పుడు ఇంకొకటి. మీటింగ్‌లో ఆమె నోరు విప్పిన క్షణంలోనే ఆయనకు సంగతి బోధపడింది. బోధపడింది కనుకే వెంటనే నవ్వాడు. వినాలంటే ప్రశాంత్‌తో తగవు పడాలి, నవ్వితే ఏ తలనొప్పీ లేదు. ఆ పిల్ల ఇన్నాళ్ళూ తన ఇంగ్లీషును తిట్టుకుంటూ కూర్చుంది.

ఆ తర్వాత

వారం తిరక్కుండా ఆసుపత్రి వాళ్ళు మమతను పిలిచారు. ప్రొబేషన్ పొడిగిస్తున్నారట. అదే కౌంటర్, అదే ప్రశాంత్ కింద. కారణం కమ్యూనికేషన్ గ్యాప్. స్పోకెన్ ఇంగ్లీష్ తరగతులకు తప్పకుండా హాజరు కావాలని ఒక షరతు కూడా పెట్టారు. నేను ఆ షరతు విని పళ్ళు కొరికాను. వాళ్ళ చెవి పనిచేయకపోతే ఈ పిల్ల నోటికి చికిత్సా? మమత ఆ పొడిగింపు తీసుకోలేదు. కొన్నాళ్ళు ఇంట్లో ఉండి, కర్మన్‌ఘాట్‌లో ఒక చిన్న కంటి క్లినిక్‌లో చేరింది. జీతం తక్కువే. అక్కడ డాక్టరమ్మ తెలుగులో అడుగుతుంది, తెలుగులో వింటుంది. ఎల్బీనగర్ సీట్లో ఇప్పుడు ప్రశాంత్ మరదలు కూర్చుంటోంది. ఇందులో న్యాయం ఎక్కడుందని నన్ను అడగకండి, నేనూ వెతుకుతున్నాను.

ఈలోగా మా డైరెక్టర్‌కు ఈ సంగతి తెలిసింది. ఎవరు చెప్పారో తెలియదు, మా గోడలు పల్చన. ఒకరోజు వచ్చేసరికి మెట్ల మొదట్లో, మిఠాయి దుకాణం పక్కన కొత్త ఫ్లెక్సీ వేలాడుతోంది. ‘పుల్లింగ్ మై లెగ్ అంటే కాళ్ళు లాగడమా? ఈ ఒక్క తప్పుతో ఒక అమ్మాయి ఉద్యోగం పోయింది. మీకు అలా జరగకూడదంటే నేడే చేరండి.’ పక్కన తల పట్టుకుని కూర్చున్న ఒక అమ్మాయి బొమ్మ. నేను సరాసరి ఆయన గదికి వెళ్ళి దాన్ని తీయించమన్నాను.

“ఎందుకు మేడమ్? పేరు పెట్టలే కద. మన క్లాసులకు గిది మంచి ఎగ్జాంపుల్” అన్నాడు.

తప్పు ఆ అమ్మాయిది కాదని, ఆ ఫ్లెక్సీలో ఉన్నది అబద్ధమని చెప్పాను. ఇన్నేళ్ళలో ఆ గదిలో నేను అంత గొంతు ఎప్పుడూ పెంచలేదు. కింద బ్యాంకు కోచింగ్ సారు పాఠం ఆపి విన్నాడని తర్వాత తెలిసింది. డైరెక్టర్ మాత్రం ప్రింటింగ్ వాళ్ళకు చెప్పాలి, చూద్దాం అన్నాడు.

కొత్తగా ఈ పనిలోకి వస్తున్న అమ్మా, నీకు ఈ ఒక్క సంగతి చెబుదామనే ఇదంతా రాశాను. నీ దగ్గరికి వచ్చే ప్రతివాళ్ళూ తమ మాట ఎవరికీ అర్థం కావట్లేదని చెబుతారు. నువ్వు వాళ్ళ వాక్యం దిద్దుతావు, అది నీ పని, దిద్దు. బాగా దిద్దు. దానితోపాటు, ఆ మాట ఎవరితో అన్నావు, విని ఆయన ఏం చేశాడు అని కూడా అడుగు. సగం మంది విషయంలో మాట బాగానే చేరి ఉంటుంది. చేరిందని ఒప్పుకుంటే అవతలివాడు ఏదో ఒకటి చేయాల్సి వస్తుంది, అందుకని నీ ఇంగ్లీష్ బాగాలేదంటాడు. ఆ అబద్ధం మీద మన సంస్థలు నడుస్తున్నాయి, వీధివీధికీ బోర్డులు పెట్టి నడుస్తున్నాయి. నువ్వు జీతం తీసుకో, ఆ అబద్ధాన్ని మాత్రం నమ్మకు.

ఫ్లెక్సీ కట్టిన వారంలోనే, ఒక మంగళవారం, మమత కర్మన్‌ఘాట్ హనుమంతుడి గుడి నుంచి ప్రసాదం పట్టుకుని క్లాసుకు వచ్చింది. ఉద్యోగం మారినా చదువు మానలేదు. నేనూ అప్పుడే ఆటో దిగుతున్నాను. ఆమె ఫ్లెక్సీ ముందు నిలబడి పైనుంచి కిందిదాకా చదువుతోంది. నాకు ఎక్కడ తల పెట్టుకోవాలో తెలియలేదు. తీయించమన్నానమ్మా, వినలేదు అన్నాను.

“ఉండనీయండ్రి మేడమ్. కాకపోతే తప్పు జాగల కట్టిన్రు. ఎల్బీనగర్‌ల గా సార్ గది ముంగట కట్టాలె” అంది.

నా చేతిలో కొబ్బరి ముక్క పెట్టి పైకి వెళ్ళిపోయింది. ఆ రోజు పుస్తకం ప్రకారం ఐదు ముత్యాలు చెప్పాల్సి ఉంది. నేను పుస్తకం తెరవలేదు. బోర్డు మీద ఒక్క వాక్యం రాశాను. అందులో ఇడియమ్ లేదు, రెండో అర్థం లేదు. ‘సర్, యు అండర్‌స్టుడ్ మి.’ సార్, నా మాట మీకు అర్థమైంది. కళ్ళు దించకుండా, నవ్వకుండా, ఒక్కొక్కరూ లేచి నా మొహంలోకి చూస్తూ చెప్పాలన్నాను. షోరూమ్ కుర్రాళ్ళు చెప్పారు, హాస్టల్ పిల్లలు చెప్పారు, సరూర్‌నగర్ ఇల్లాలు రెండుసార్లు తడబడి మూడోసారి గట్టిగా చెప్పింది. ఆఖర్న మమత లేచింది. మెడలో కొత్త క్లినిక్ ఐడీ కార్డు ఉంది. నా వైపు కాకుండా తలుపు వైపు చూసి, అక్కడెవరో నిలబడి ఉన్నట్టు చెప్పింది. నేను దిద్దలేదు.